అమావాస్య పోనియ్యి

“బాపూ, నీ చెంపకేమైంది?”

హర్షిణి చేతిలో పళ్లెం గాలిలోనే ఆగిపోయింది. ఫస్టు షిఫ్టు దిగి, స్నానం చేసి అన్నానికి కూర్చున్న సదయ్య కుడి చెంప పండుమిరపకాయలా ఉంది. మీది తోలు ఎండి పొట్టులా రాలుతోంది. ఎడమ చెంప మాత్రం ఎప్పటిలాగే ఉంది.

“ఏం గాలె. అన్నం పెట్టు.”

“ఏం గాకుంటె గట్లెందుకున్నది?”

“బొగ్గు దుమ్ము పోతలేదని సబ్బు గట్టిగ రుద్దిన బిడ్డా.”

ఇన్నేళ్లుగా రుద్దుతున్న సబ్బు ఇవాళే కొత్తగా కాలుస్తుందా? హర్షిణికి నమ్మబుద్ధి కాలేదు. వంటింట్లోంచి వచ్చిన రమ భర్త మొహం చూసి గోడకు ఆనుకుంది.

“ఏందయ్యా, బాయిల ఏమన్న తగిలిందా? గ్యాసున్నా, కప్పు కూలినా ముందుగాల లోపలికి పోయేది నువ్వేనాయె!”

గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. సదయ్య అందులో సర్దారు; గ్యాంగు దిగకముందే లోపలికి వెళ్లి గ్యాసు, కప్పు పరీక్షించి, అంతా బాగుంటేనే మనుషులను పంపేవాడు. ఆ ఉద్యోగం వచ్చిన రోజు క్వార్టర్ల లైనంతా మిఠాయిలు పంచాడు గానీ, రమకు ఆనాటి నుంచీ గుండెల్లో గుబులే.

“ఏం తగల్లే. ఎవ్వలకు చెప్పకుండ్రి,” అన్నాడు సదయ్య.

ఆ చివరి మాటే తల్లీకూతుళ్లను ఎక్కువ భయపెట్టింది. ఏమీ కాని దాన్ని దాచిపెట్టడం ఎందుకు?

హర్షిణికి అసలే తండ్రి మీద కోపంగా ఉంది. మొటిమలతో మొహం పాడై కాలేజీకి వెళ్లాలంటేనే ఏడుపొస్తోందని, పోరగా పోరగా చర్మం డాక్టరు మైత్రి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె ఒక జెల్ రాసిచ్చింది. ఇంటికి రాగానే సదయ్య ట్యూబు లాక్కుని దేవుడి అరలో పెట్టేశాడు.

“అమావాస్య పోనియ్యి. అప్పటిదాక ముట్టకు.”

రోజూ పాతాళంలోకి దిగి వచ్చేవాడికి అమావాస్య అంటే భయమేమిటో! అసలు సంగతి హర్షిణికి తెలుసు. పక్క క్వార్టరు పోశం కూతురు రాజకుమారి ఎవరో చెప్పారని దుకాణంలో ఏదో క్రీము కొనుక్కుని పూసుకుంది. మొహం వాచి కళ్లు మూసుకుపోతే, ఆ పిల్లను ఆటోలో దవాఖానకు తీసుకెళ్లింది సదయ్యే. అప్పటినుంచి ఆయనకు క్రీముల పేరెత్తితే పామును చూసినట్టే.

మర్నాడు ఆయన డ్యూటీలో ఉండగా రమ వాకిట్లోంచి కేక పెట్టింది. ఆమె చేతిలో సదయ్య నల్ల తువ్వాలు ఉంది. దాని నిండా తెల్లని మచ్చలు.

“చూడు బిడ్డా! గుడ్డ రంగునే తిన్నది. మనిషిని ఉంచుతదా?”

హర్షిణి తువ్వాలు అందుకుని తిప్పి తిప్పి చూసింది. బాయి లోపల ఏదో ఉంది. బాపుకు తగిలింది. ఇవాళ చెంప, రేపు ఊపిరితిత్తులు. ఆయన వెనక వెళ్లే గ్యాంగు గతి ఏమిటి? చెబితే అన్‌ఫిట్ చేసి ఇంట్లో కూర్చోబెడతారని దాస్తున్నాడా? షిఫ్టు దిగే వేళ దాకా గుమ్మంలోనే నిలబడింది. తండ్రి సందు మలుపు తిరగడం చూశాకే ఊపిరి పీల్చుకుంది. ఆ చెంప నిన్నటికంటే ఎర్రగా ఉంది.

“నడువు బాపూ. డాక్టరుకు చూపియ్యకుంటె నేను అన్నం ముట్ట.”

సదయ్య గొణిగాడు, కసిరాడు. చివరికి కూతురి కళ్లలో నీళ్లు చూసి చెప్పులేసుకున్నాడు. హర్షిణి ఆ తువ్వాలు సంచిలో కుక్కింది.

క్లినిక్‌లో డాక్టర్ మైత్రి సదయ్య చెంప చూసింది. తువ్వాలు చూసింది. “అమ్మాయికిచ్చిన జెల్ ఎక్కడుంది?”

“దేవుని అరల ఉన్నది మేడం. ఇంక మూతే తియ్యలె,” అంది హర్షిణి.

“తీశారు. ఆ మందు తగిలితే బట్టల రంగు పోతుంది.” డాక్టరు సదయ్య వైపు తిరిగింది. “ఎంత పూశారు?”

సదయ్య దొంగలా తల వంచి బొటనవేలు చూపించాడు. “గింత. పొద్దుమాపు.”

“అయ్యో! మొహం మొత్తానికి కలిపి బఠాణీ గింజంత చాలు. రాత్రిపూట ఒక్కసారే, కడిగి ఆరిన మొహానికి పలచగా. మొదట్లో రోజు విడిచి రోజు. కళ్లకు, పెదాలకు, పుండ్లకు తగలకూడదు. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ పూసుకోవాలి. కొంచెం ఎరుపెక్కి పొడిబారడం మామూలే. వాచినా, బొబ్బలొచ్చినా ఆపేసి నా దగ్గరికి రావాలి. అన్నిటికంటే ముందు, ఒకరి మందు ఇంకొకరు పూసుకోకూడదు. మీ చర్మం వేరు, అమ్మాయి చర్మం వేరు.”

“అంటె... బాయిల ఏం తగల్లేదా మేడం?”

“ఏమీ లేదమ్మా. పూయడం ఆపితే తగ్గిపోతుంది.”

హర్షిణి గుండె మీది బండ దిగింది. దిగీ దిగగానే కోపం ముంచుకొచ్చింది. క్లినిక్ మెట్ల మీదే తండ్రిని నిలదీసింది.

“నీకు ఒక్క మొటిమ లేదు గద బాపూ! నా మందు నీకెందుకు? నన్నేమో అమావాస్య పోనియ్యి అంటివి, నువ్వేమో దొంగతనంగ పూసుకుంటివి. మేం భయంతోని సచ్చినం తెలుసా?”

సదయ్య మచ్చల తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. మండుతున్న చెంపను మెల్లగా తడుముకున్నాడు.

“సర్దారు ముందుగాల పోయి చూడకుండ మనుషులను లోపలికి పంపుతడా బిడ్డా?”