అంచు అరగని రూపాయలు

"ఇవి సముద్రం తెచ్చిన నాణేలు కావు తిరుమలేష్. నీతో ఎవరో ఆటలాడుతున్నారు," అన్నారు జగన్మోహనరావు అంకుల్, కంటి దగ్గరి భూతద్దం తీసి.

తిరుమలేష్‌కి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఈసారి మెడ దాకా ఎర్రబడింది. పుంగ్గోల్ బీచ్‌లో, ఎండనక వాననక, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మెటల్ డిటెక్టర్ ఊపుకుంటూ తిరిగి తిరిగి తన చేత్తో తవ్వి తీసిన నాణేలవి. ఒక్కదాని మీదా బొమ్మ లేదు, అక్షరం లేదు. గంధపు సానలా నున్నగా ఉన్నాయి. ఏ పాత ఓడలోంచో పడినవి, ఏ రాజువో, ఏ దేశానివో చెప్పించుకుందామని రైలెక్కి తంజోంగ్ పగార్‌లో అంకుల్ ఇంటిదాకా వచ్చాడు. పాత నాణేలు పోగుచేయడంలోనే తల నెరిసిన మనిషి ఆ అంకుల్.

"నేనే కదా అంకుల్ తవ్వింది. అబద్ధమాడుతున్నానా?"

"నువ్వు కాదయ్యా, నాణెం ఆడుతోంది." ఆయన ఒకదాన్ని దీపం కిందకి జరిపారు. "ఇసుకలో దొర్లితే ముందు అంచు అరుగుతుంది. దీనికి అంచున గీతలు కొత్తవాటిలా ఉన్నాయి, నడిమిన మాత్రం అరిగింది. ఉప్పునీళ్ళకి వెండి నల్లబడాలి, అదీ లేదు. మన దేశపు పాత వెండి రూపాయలివి, ఇక్కడివి కావు. ఎవరో బాగా రుద్ది, ఈమధ్యనే తెచ్చి ఇసుకలో పెట్టారు."

ఎవరో అని ఆలోచించే పని లేదనుకున్నాడు తిరుమలేష్. అదే బీచ్‌లో డిటెక్టర్ పట్టుకు తిరిగే దానయ్య ఉన్నాడు. నీకు ఎప్పుడూ సీసా మూతలేగా దొరికేది అని నవ్వేవాడు. రైలెక్కుతూనే ఫోన్ చేసి, పక్కసీటువాళ్ళు తిరిగి చూసేలా తిట్టాడు. దానయ్య అంతా విన్నాడు.

"వెండి చేతికొస్తే మా ఆవిడకిస్తాను గానీ, నీకోసం ఇసుకలో పాతిపెడతానా తమ్ముడూ," అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి మెషిన్ని మూలకి విసిరాడు తిరుమలేష్. ఆ చప్పుడికి భార్య సుచిత్ర చీపురుతో సహా వచ్చింది. గుమ్మంలో మళ్ళీ ఇసుకేమిటని ఆమె విసుగు. ఇవాళ తను బీచ్ మొహమే చూళ్ళేదని, ఇసుక కూడా తన నెత్తినే రుద్దుతారా అని అతని అరుపు.

వంటింట్లోంచి అత్తగారు లీలావతమ్మ అందుకుంది. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడే మనిషి కాదు. పాతకాలం పెంపకం. అనాల్సిందేదైనా ఉంటే కూతురితో అంటుంది, కూతురు దగ్గర లేకపోతే గిన్నెలతో అంటుంది. ఇప్పుడు చింతపండు పెట్టి దీపపు కుందులు, దేవుడి పళ్ళెం తోముతూ అంటోంది.

"చూశావుటే సుచిత్రా. కోడి కూడా గీరిన చోట ఒకసారి వంగి చూసుకుంటుంది. మీ ఆయన పొద్దస్తమానం గీరతాడు, పక్కనున్నది కనపడదు. అదేం చూపో, అదేం చదువో."

"ఇక గీరనని చెప్పు మీ అమ్మకి," అన్నాడు తిరుమలేష్. "ఈ మెషిన్ రేపే అమ్మేస్తాను. ఇంటర్వ్యూకీ వెళ్ళను. ఇసుకలో కూడా నన్ను వెర్రివాణ్ణి చేసి ఆడించేవాళ్ళుంటే, అక్కడికి పోయి మళ్ళీ నవ్వులపాలు కావాలా?"

సుచిత్ర చీపురు పక్కన పెట్టేసింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం పోయాక గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. తెలిసినవాళ్ళెవరో వాడటం మానేసి ఇచ్చిన ఈ మెషినే అతన్ని బయటికి లాగింది. అయినా సీసా మూతలు దొరికినన్నాళ్ళూ ముఖం ముడుచుకునే తిరిగొచ్చేవాడు. మొదటి రూపాయి దొరికిన రోజు మాత్రం ఆకలేస్తోందని అడిగి మారు వడ్డించుకున్నాడు. ఇంకోటి దొరికాక గడ్డం గీసుకున్నాడు. ఆ తర్వాత పాత ఆఫీసువాళ్ళకి తనంతట తనే ఫోన్లు చేశాడు. అలా చేస్తే కుదిరిందే రేపటి ఇంటర్వ్యూ.

ఆమె బతిమాలింది. ఎవరో ఏదో చేస్తే వాళ్ళ ఖర్మ, రేపటికి మాత్రం వెళ్ళిరమ్మంది. అతను చొక్కా విప్పి కుర్చీమీద పడేసి, మళ్ళీ ఆ పాత మంచంవైపే నడిచాడు. గది గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"వాడెవడో దొరకనీ. ఆ రూపాయలు పాతిన చేతులు విరగ్గొడతాను."

వంటింట్లో తోముడు ఆగిపోయింది.

లీలావతమ్మ బయటికొచ్చింది. కోపంతో ఆవిడ ముక్కుపుటాలు అదురుతున్నాయి. మూలపడ్డ మెషిన్ని తీసి, కొంగుతో తుడిచి, తీసుకెళ్ళి అల్లుడి చేతిలో పెట్టింది. సుచిత్ర పెళ్ళయిన దగ్గర్నుంచి ఎన్నడూ లేనిది, అతని ముఖంలోకి సూటిగా చూసింది.

"నా చేతులు తర్వాత విరగ్గొడుదురుగాని బాబూ. రేపు ఆ పరీక్షేదో ఇచ్చొచ్చి, ఆ ఒడ్డున రాతిబెంచీకి వెనకవైపు తవ్వండి. నా దేవుడి పళ్ళెంలోది ఆఖరి రూపాయి, మొన్న పాతింది పొద్దున వెళ్ళి చూసినా అక్కడే పడి ఉంది."