పనికిరాని మన్ను

బక్కయ్య గడ్డపారతో ఒక పెళ్ల లేపి, నీళ్లు చిలకరించి, వేళ్ల మధ్య పెట్టి నులిమాడు. మట్టి దారంలా సాగింది. తెగలేదు. ఉంగరంలా చుట్టాడు. అప్పుడూ పగలలేదు.

దాన్ని కింద పారేసి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"పనికిరాదు సార్."

వెంకటనర్సయ్య మొహం మాడిపోయింది. లాల్‌గడి మలక్‌పేట్‌లో కుంట పక్కన ఎకరం కొని, ఇల్లు లేపి, ముందు తోట వేద్దామనుకుంటే ఈ మట్టి పగబట్టింది. వానొస్తే బంక, ఎండొస్తే చెయ్యి దూరేంత బీటలు. రెండుసార్లు గులాబీలు పెట్టాడు. రెండుసార్లూ కుళ్లిపోయాయి. చివరికి నర్సరీకి ఫోన్ చేస్తే వాళ్లు బక్కయ్యను పంపారు.

"అయితే ఏం జెయ్యాలె?"

"మూడడుగుల లోతు తోడి బయట పోయాలె. ఎర్రమట్టి తెచ్చి నింపాలె. గప్పుడు ఏది పెట్టినా వస్తది."

వెంకటనర్సయ్య కూతురు సుస్మిత ఫోన్ చూసుకుంటూ వరండాలోంచి దిగింది. "తాతా, బంకమట్టిలో పశువుల ఎరువు బాగా కలిపితే చాలంట. తియ్యక్కర్లేదంట."

ఆ పిల్ల చెప్పింది నిజమే. బక్కయ్యకూ తెలుసు.

"ఫోన్ల రాసినాయన గీ మన్ను తొక్కి సూసిండా బిడ్డా? నేను పుట్టినకాడికెల్లి తొక్కుతున్న."

వెంకటనర్సయ్య నవ్వాడు. సుస్మిత లోపలికి పోయింది.

అతను బక్కయ్యను గుర్తుపట్టలేదు. తన్నినవాడికి గుర్తుండదు, పడ్డవాడికి మరుపుండదు.

నాలుగేళ్ల కింద, ఇక్కడ కొత్తగా గేటు పెట్టిన వారం. బక్కయ్య కళ్లముందే అతని భార్య బాలనర్సమ్మ నెత్తి మీది గంపను దింపించి, పదిమంది ముందు కాలితో తన్నాడు వెంకటనర్సయ్య. "దొంగ మొఖాలు. నా జాగలది పిడికెడు గూడ గేటు దాటొద్దు" అన్నాడు. బక్కయ్య తాతల నాటి నుంచి వస్తూ పోతూ ఉన్న చోటు అది. అమ్ముడుపోయిందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత తాతల నాటి పని మూలన పడింది. ఆమె జీడిమెట్లలో ఒక కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. అతను నర్సరీ కూలికి పోయాడు. బాలనర్సమ్మ ఆనాటి నుంచి నెత్తిన నీళ్ల బిందె కూడా పెట్టుకోలేదు.

ఈ పనికి పోతున్నానని చెప్పినప్పుడు ఆమె తింటున్న కంచం పక్కకు నెట్టింది.

"వానింటికా? శరం లేదా నీకు?"

"శరం ఉన్నది గాబట్టే పోతున్న."

హోళీ వెళ్లిన వారం తవ్వకం మొదలైంది.

"ఒక్కటే మాట సార్. చెడ్డ మన్ను ఇల్లు దాటేటప్పుడు ఇంటాయనే గేటు తియ్యాలె. లేకుంటే చెడుపు ఇంట్లనే ఉంటదంటరు."

అలాంటి ఆచారం ఏ ఊళ్లోనూ లేదు. కానీ వాస్తు అడగనిదే గోడకు మేకు కొట్టని మనిషి వెంకటనర్సయ్య. సరేనన్నాడు.

"గీ మన్నంత యాడ పోస్తవ్?"

"మా ఇంటెన్క గుంతున్నది. పూడ్సుకుంట."

"తీస్కపో. పీడ పోతది."

పదకొండు ట్రాక్టర్లు. రాళ్లూ వేర్లూ ఏరి పక్కన పడేశాకే బక్కయ్య ట్రాలీ నింపనిచ్చాడు. పారబోసే మట్టికి ఇంత సోకేందని డ్రైవర్ నవ్వాడు. ట్రాక్టర్ కదిలిన ప్రతిసారీ వెంకటనర్సయ్య ఎండలో వచ్చి, గేటు బార్లా తీసి, పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ట్రాలీ మీంచి బక్కయ్య పదకొండుసార్లూ అతని మొహంలోకి చూశాడు. కడుపులో మంట కొంచెం చల్లారింది. కొంచెమే.

ఎర్రమట్టి వచ్చింది. వానలు పడ్డాయి. గులాబీలు విరగబూశాయి. వచ్చినవాళ్లందరికీ వెంకటనర్సయ్య తోట చూపించి మురిసిపోయాడు.

"వాని తోట పూసింది. మరి నా కడుపుమంటో?" అని అడిగింది బాలనర్సమ్మ.

"బోనాలు రానీ."

శ్రావణం వచ్చింది. ఊరి బోనాల్లో తమ ఇంటి బోనమే ముందుండాలని వెంకటనర్సయ్య పట్టుబట్టాడు. ఇత్తడిది వద్దు, ఊళ్లో చేసిన కొత్త కుండే కావాలని సుస్మిత ముచ్చటపడి తెప్పించుకుంది. డప్పులు మోగుతుంటే ఆ పిల్ల నెత్తిన పసుపు కుంకుమలు పూసిన కుండ, చుట్టూ వేపాకు, పైన దీపం. వెంకటనర్సయ్య చెప్పుల్లేకుండా పక్కనే నడుస్తూ, కుండ ఒరగకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

దారి పక్కన నిలబడ్డ కుమ్మరి బక్కయ్య పెళ్లాం చెవిలో మెల్లగా అన్నాడు: "సూడు, నాడు నీ గంపలకెల్లి వాడు తన్నిన మన్నే, నా సారె మీద కుండై వాని బిడ్డ నెత్తికెక్కింది."