పత్తిపూల దండ

"మొత్తం తడిసిందా, కొద్దో గొప్పో మిగిలిందా?" అడిగాడు గోపాలరావు.

మైమూనా మూట విప్పి చూపించింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాగితాలన్నీ కలిసి ఒకటే ముద్దయ్యాయి. బస్సు కాలువ గట్టు మీద మలుపు తిరుగుతుంటే టాపు మీది మూట జారి నీళ్లలో పడింది. కండక్టరు దిగి తీసిచ్చేసరికే రంగులు కారిపోయాయి.

"మళ్లా గురజాల పోయి తెచ్చేదెప్పుడు, కట్టేదెప్పుడు? సాయంత్రం నాలుక్కి మా బావ ఊరేగింపు. కొత్త సర్పంచి మెళ్లో కాగితపు పూలదండలే పడాలని నేనే పట్టుబట్టా. మీ ఆయనుంటే ఇట్టయ్యేదా?"

మైమూనా తల వంచుకుంది. భర్త జిలానీ పోయి ఏడాదైంది. పూలపని ఆయన పేరు మీదే నడిచేది. మడిచే చేతులు మాత్రం ఎప్పుడూ ఆమెవే. తన పేరు మీద ఒప్పుకున్న మొదటి పని ఇదే.

"కాగితం ఎక్కడన్నా దొరుకుద్దేమో చూసొస్తానయ్యా. నాలుక్కి దండలు తెచ్చి మీకిస్తా."

ఊళ్లో ఉన్న ఒక్క కొట్టులో పొట్లాలు కట్టే పాత పేపర్లు తప్ప ఏమీ లేవు. ఇల్లిల్లూ అడుగుతూ ఊరి చివరికి వచ్చింది. అక్కడొక పెంకుటింటి అరుగు మీద గడ్డం మాసిన మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఇంట్లో అలికిడి లేదు. చావు జరిగిన ఇల్లేమోనని ఆమె వెనక్కి తిరగబోయింది.

"ఎవరమ్మా? ఏం కావాల?"

"రంగు కాగితాలేమన్నా ఉంటయ్యేమోనని. ఇంట్లో ఏదో జరిగినట్టుంది, తెలియక వచ్చానయ్యా."

"ఏం జరగలేదులే. అందరం బతికే ఉన్నాం. కాగితాలెందుకు?"

మైమూనా జరిగిందంతా చెప్పింది. ఊరేగింపు మాట వినగానే ఆయన లేచి లోపలికి కేకేశాడు.

"అనసూయా, అటక మీది కట్టలు దించు."

"అవెందుకు?" లోపలినుంచి ఆయన భార్య గొంతు విసురుగా వచ్చింది. "పొయ్యిలో పెడతా గానీ ఎవరికీ ఇయ్యను."

"పొయ్యిలో పెట్టేది ఈమెకిస్తే ఏం పోయింది? పని చేసుకు బతికే మనిషి మన గుమ్మం నుంచి ఉత్తచేతుల్తో పోకూడదే."

నాలుగు కట్టలు కిందికి దిగాయి. రెండు లేత పసుపు, రెండు లేత గులాబీ. పల్చటి కాగితం. ఒక పక్క ఎడ్లబండి బొమ్మ, దాని కింద నాలుగు వరసల అచ్చు. మైమూనాకు తెలుగు చదవటం రాదు. విత్తనాల కంపెనీ కాగితాలనుకుంది.

"ఇన్ని కాగితాలు మీకు పనికిరావా అయ్యా?"

"వాటితో పని అయిపోయిందమ్మా. ఒక్కటే మాట. అచ్చు లోపలికి పోయేట్టు మడువు."

"అట్ల మడిస్తేనే అందం" అంది మైమూనా.

వాళ్లింట్లోనే కూర్చుని గులాబీపువ్వు మడిచింది. వెలిసిపోయినట్టుంది. బంతిపువ్వు చేసింది. అదీ అంతే. ఇంత లేత రంగుల్లో ఆమె ఎప్పుడూ పని చేయలేదు. పొద్దు నడినెత్తికొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగితే కొంగుతో తుడుచుకుంటూ పెరటి వైపు చూసింది. అక్కడ దీపం వత్తుల కోసం పెంచుకున్న పత్తిచెట్టు ఉంది. ఒకే కొమ్మకు పసుపు పువ్వు ఒకటి, గులాబీ రంగుది ఒకటి.

"ఒక చెట్టుకి రెండు రంగులేందక్కా?"

అప్పటిదాకా మొహం తిప్పుకుని ఉన్న అనసూయ ఆ ప్రశ్నకు ఇటు తిరిగింది. "పసుపుది ఇవ్వాళ పూసింది. గులాబీది నిన్నటిది. పత్తిపువ్వు అంతేగా! ఎప్పుడూ చూళ్లేదా?"

"టౌనులో పత్తి బేళ్లు చూశా గానీ పువ్వు చూళ్లేదక్కా."

అనసూయ రెండు పూలు కోసి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. మైమూనా రేకులు ఒక్కొక్కటే విప్పింది. ఐదు. ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఒరిగి, గాలికి తిరిగినట్టున్నాయి. కాగితం తీసుకుంది. మొదటి పువ్వు వంకర పోయింది. రెండోది కుదిరింది. మూడోదాన్ని చూసి అనసూయ "అబ్బ!" అంది.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. అనసూయ మైదా ఉడికించి జిగురు చేసింది. ఆయన చీపురు పుల్లలు చీల్చాడు. కాసేపటికి రేకులు మడవటమూ నేర్చుకున్నాడు. ప్రతి మడతనూ బొటనవేలితో రెండుసార్లు గట్టిగా నొక్కుతున్నాడు. మధ్యలో అనసూయ గోంగూర పచ్చడి కలిపిన అన్నం ముద్దలు ఇద్దరి చేతుల్లో పెట్టింది.

మూడున్నరకు ఎనిమిది దండలు పూర్తయ్యాయి.

"మీ పేరేందయ్యా?"

"శివరామయ్య. కాగితాలెక్కడివని అడిగితే నీవేనని చెప్పు."

"అబద్ధాలు నాకు చేతగావయ్యా."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చానా రోజులకు విన్నట్టు అనసూయ తలెత్తి చూసింది.

ఊరేగింపు ట్రాక్టరు చుట్టూ డప్పులు మోగుతున్నాయి. దండలు చూసి రైతులు మూగారు. "పత్తిపూలురోయ్! అచ్చం మన చేలో పూసినట్టే!" కొత్త సర్పంచి దండను తడిమి చూసుకుని మురిసిపోయాడు.

"మీ ఆయన కూడా ఇట్టాంటివి చెయ్యలేదమ్మా" అన్నాడు గోపాలరావు. "వచ్చే తిరనాళ్లకు గుడికి తీసుకుపోయే మా ప్రభకు కూడా పూలు నువ్వే కట్టాల."

మైమూనా చేతిలో మిగుల్చుకున్న దండను అతనికి అందించింది.

"ఇదెవరికి?"

"నాకు కాగితాలిచ్చి, నాతో కూర్చుని పూలు మడిచిన మనిషికి. అన్నం కూడా పెట్టారయ్యా ఆ ఇంట్లో. ఊరేగింపు వాళ్ల గుమ్మం ముందు ఒక్క నిమిషం ఆపండి. సర్పంచి గారి చేత్తోనే ఇది ఆయన మెళ్లో పడాల."

"దాందేముంది, ఆపుదాం. ఎవరాయన?"

"ఊరి చివర పెంకుటింట్లో ఉంటారు, శివరామయ్య గారని."

గోపాలరావు చేయెత్తి డప్పులు ఆపించి, గొంతు తగ్గించి చెప్పాడు.

"ఎడ్లబండి గుర్తు మీద నిలబడి, మా బావ చేతిలో పదకొండు ఓట్ల తేడాతో ఓడిపోయింది ఆయనేనమ్మా."