దుప్పి వేసిన బాట

సముద్రం ఒడ్డున జీడిమామిడి అడవిలో, లావు చక్రాల సైకిళ్లు తిరిగే సన్నబాట ఒకటి ఉంది. కౌజుపిట్ట గడ్డిలో గూడు పెట్టే చోట అది వంపు తిరిగి, గూటిని తప్పించి పోయేది. జంతువులు కూడా ఆ వంపు మీదుగానే చెలమ నీళ్లకు వెళ్లేవి.

దుప్పికి అంత ఓపిక లేదు. "నాలుగు అంగల దూరానికి ఇంత చుట్టెందుకు?" అని రోజూ గడ్డిని తొక్కుకుంటూ అడ్డంగా పోయేది. గూటిని మాత్రం జాగ్రత్తగా దాటేది.

పది రోజులకు గడ్డి చచ్చి, అక్కడ తెల్లటి ఇసుక బాట తేలింది. ఒక పొద్దున సైకిలొకటి ఆ బాటలోకి తిరిగింది. గుడ్లన్నీ చితికిపోయాయి.

దుప్పి పరుగున వచ్చి, "ఈ మనుషులకు కళ్లుండవక్కా," అంది.

కౌజు పెంకులను ముక్కుతో పక్కకు తీస్తూ, "కళ్లున్నాయి గనుకే బాట చూసుకుని వచ్చాడు," అంది.

దుప్పి కిందికి చూసింది. చక్రం గీత పక్కనే, పొడవునా దాని గిట్టల గుర్తులున్నాయి.

కౌజు వేరే చోటికి వెళ్లిపోయింది. అక్కడిప్పుడు గూడు లేదు, గుడ్లూ లేవు. అయినా దుప్పి ఆ వంపు మీదుగానే నీళ్లకు వెళుతుంది.