పులుపు సగం

భర్త పోయాక, అరవయ్యో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నిదానంగా రాస్తాను. ఒత్తులు తప్పితే మన్నించి చదవండి. ఇందులో వంటామె అంటే నేనే; ఆ కోపం ఇంకా చల్లారలేదు.

"ఇందులో వెనిగర్ పోశావా, నీళ్లు పోశావా?" గాజుపళ్లేన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ప్రయోగశాల నడిపే సారు అరిచాడు.

"వెనిగరేనండీ. పళ్లెంలో సగానికి కలిపాను, సగానికి మానేశాను. పదకొండేళ్లుగా ఈగలకు వండుతున్నాను, ఆ మాత్రం తెలియదా?" అంది వంటామె.

ఆ గదిలో వంటంటే పండ్లమీద ముసిరే చిన్న ఈగలకే. మామూలు తల్లి ఈగ పులుపు వాసన పట్టి, ఆ సగంలోనే గుడ్లు పెడుతుంది. ఒక్క జన్యువు చెడగొట్టిన ఈగకు ఆ వాసన తెలియదు. ఎక్కడపడితే అక్కడ పెట్టేస్తుంది. పరిశోధన చేసే అమ్మాయి మూడు నెలలుగా ఆ గుడ్లే లెక్కపెడుతోంది.

"లెక్క సరిగ్గానే వచ్చింది సార్," అంది ఆ అమ్మాయి. "మామూలు ఈగలన్నీ పులుపు సగంలోనే..."

"పులుపే లేనిచోట పులుపు సగమేమిటి? ఏదో గుడ్డిగా కుదిరింది. మొత్తం చెత్తబుట్టలో పడెయ్!" వంటామె వైపు తిరిగాడు. "రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

అమ్మాయి కళ్లు నిండాయి. వంటామెకు ఒళ్లు మండింది. సారుకు కోపం ముక్కుమీదే ఉంటుందని ఇన్నాళ్లూ ఓర్చుకుంది. ఇది కోపం కాదు, ఎత్తు. పోయిన నెలనుంచీ తన మరదలికి పని వెతుకుతున్నాడు మరి.

"మీ మరదలికి చోటు కావాలంటే నేరుగా చెప్పండి. ఈ పిల్ల కష్టాన్ని బుగ్గి చేయకండి. ఈగకు తెలిసిన పులుపు మీకు తెలియదా?"

"నోరు జారకు! నేను అబద్ధమాడుతున్నానా?"

"అదీ తేల్చుకుందాం."

మూలనున్న బిగుతు మూత డబ్బాను బరబరా లాక్కొచ్చింది. అందులో ఈగలు తినగా మిగిలిన అరటిగుజ్జు, వారంగా కుళ్లుతోంది.

"కళ్లు మూసుకోండి. మూత తీస్తాను. ఇదీ నీళ్లేనని ఈ పిల్ల ఎదుట అనండి చూద్దాం. అలా అన్నారంటే రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతాను."

"పిన్నీ, వద్దు," అంది అమ్మాయి.

సారు హేళనగా నవ్వి కళ్లు మూసుకున్నాడు.

ఆమె చప్పుడు కాకుండా మూత తీసింది. ఆ కుళ్లు వాసనకు అమ్మాయి నోరు నొక్కుకుని వరండాలోకి పరుగెత్తింది. వంటామె మోచేత్తో ముక్కు మూసుకుని నిలబడింది.

"ఊఁ, ఇంకెప్పుడు తీస్తావు?" అన్నాడు సారు.