ముందు వరుసలో రెండు టికెట్లు

నాటకం టికెట్లు అయిపోయాయని తెలిసిన రోజు అచ్చియమ్మ అన్నం ముట్టలేదు.

ఆవిడకు కడుపులో కాన్సరు. రాయపూర్ డాక్టరు పిల్లలిద్దర్నీ పక్కకు పిలిచి, ఆవిడ అడిగిందల్లా పెట్టమన్నాడు.

ఆవిడ అడిగింది తిండి కాదు.

ముప్పై ఏళ్ల కిందట బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌ హాల్లో ఆడిన పద్యనాటకాన్ని తెలుగు సంఘం వాళ్లు అప్పటి నటులతోనే మళ్లీ వేయిస్తున్నారు. అందులో రాణిని ఒక్కసారి చూడాలి. అంతే ఆవిడ కోరిక.

దాని వెనకున్న కథ కూతురు సౌభాగ్యకు చిన్నప్పటినుంచీ తెలుసు. తండ్రి సూర్యం లోకో షెడ్డులో ఇంజను కింద పడి చనిపోయాడు. ఇద్దరు పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని అచ్చియమ్మ బిగుసుకుపోయింది. నెలలు గడిచినా కంట తడి లేదు. చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లు బలవంతాన నాటకానికి లాక్కెళ్లారు. రంగం మీద రాణి, మొగుడి శవం పక్కన కూలబడి పద్యం ఎత్తుకుంది. అచ్చియమ్మ గుండె అప్పుడు పగిలింది.

"నా బదులు ఆయమ్మ ఏడ్సింది. నేకపోతే నాను పిచ్చిదాన్నయిపోదును. ఒక్కపాలి ఆయమ్మ కాళ్లకి దండవెట్టాల" అంటుంది ఆవిడ ఇప్పటికీ.

టికెట్ల కోసం సౌభాగ్య ఎక్కని గడప లేదు. చివరికి ఇంటర్నెట్లో, ఊళ్లోని తెలుగువాళ్ల గ్రూపులో, ఇంగ్లిషు అక్షరాలతో రాసిన తెలుగు కనిపించింది. ముందు వరుసలో రెండు టికెట్లున్నాయి, కావలసినవారు ఫోను చేయండి. కింద బంగార్రాజు అని పేరు.

ఫోను చేస్తే ముసలి గొంతు పలికింది. ధరెంతని అడిగితే, ఆ మాట తరవాత, ముందు రండమ్మా అంది.

ధర చెప్పలేదనేసరికి తమ్ముడు రమణబాబుకు అనుమానం వచ్చింది. అతను రైల్వేలో టికెట్ కలెక్టరు. రోజంతా దొంగ టికెట్లు పట్టేవాడికి లోకంలో మంచి టికెట్ కూడా ఉంటుందంటే నమ్మకం కలగడం కష్టం. ముక్కూ మొహం తెలియనివాడి దగ్గర కొనేటప్పుడు ముందుగా డబ్బు పంపకూడదనీ, జనం మధ్యనే కలవాలనీ, సీటు నంబర్లు సంఘం వాళ్లకు చెప్పి సరిచూసుకోవాలనీ, ఇంటి సంగతి ఒక్కటీ బయటపెట్టకూడదనీ అక్కకు నూరిపోశాడు.

పాపం, అన్నీ తు.చ. తప్పకుండా పాటించారు.

నాటకం రోజు పొద్దున ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద, టీ స్టాలు దగ్గర కలిశారు. బంగార్రాజు బక్కపలచని మనిషి. నున్నగా గీసుకున్న గడ్డం. చలికి గొంతు చుట్టూ మఫ్లరు.

టికెట్లు చేతిలో పెడుతూ ఆయన అడిగాడు.

"ఎవరు సూస్తారమ్మా? ఇంట్లో పాతోళ్లు ఎవురైనా ఉన్నారేటి?"

అమ్మ పేరు సౌభాగ్య నోటిదాకా వచ్చింది. తమ్ముడు కళ్లతోనే వారించాడు.

"అవన్నీ మీకెందుకండీ?" అంది.

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. మళ్లీ అడగలేదు.

రమణబాబు అక్కడికక్కడే తెలుగు సంఘం గోవిందరావుకు ఫోను చేసి సీటు నంబర్లు చదివాడు. గోవిందరావు పనుల హడావిడిలో ఉన్నాడు. ఆ సీట్లు మేమెవరికీ అమ్మలేదని చెప్పి పెట్టేశాడు.

"అచ్ఛా. అమ్మని సీట్లు నీకెలా వచ్చాయి?" అంటూ రమణబాబు ఆయన మఫ్లరు పట్టుకున్నాడు.

"నాటకం వోళ్లే ఇచ్చినారు బాబూ."

"వాళ్లే లేదంటున్నారు. ఇంకా ఏటి చెప్తావు?"

టికెట్ కలెక్టరు నల్లకోటును చూసి జనం మూగారు. టికెట్ లేకుండా దొరికిపోయాడనుకుని ఎవరో నవ్వారు. రమణబాబు ఆ రెండు టికెట్లూ చింపి పట్టాల మీదికి విసిరాడు.

ముసలాయన తల వంచుకుని జనంలోంచి దారి చేసుకుంటూ వెళ్లిపోయాడు. మోసం తప్పిందని అక్కాతమ్ముళ్లు అక్కడే టీ తాగారు.

సాయంత్రం అచ్చియమ్మ ఎవరు చెప్పినా వినలేదు. కనబడకపోతే పోయె, వినబడుతుంది కదా అని పట్టుబట్టింది. రిక్షాలో తీసుకెళ్లి, హాలు వరండాలో కిటికీ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

రాణి పద్యం వచ్చేసరికి ఎవరో పడుచుపిల్ల కాగితం చూసి తడబడుతూ చదివింది.

అచ్చియమ్మ కిటికీ ఊచలు పట్టుకుంది. "ఈ గొంతు కాదు. ఆయమ్మ రానేదేటి?"

తల్లి మొహం చూడలేక సౌభాగ్య తెర వెనక్కి పరిగెత్తింది. గోవిందరావు తల పట్టుకుని కూర్చున్నాడు. మా అమ్మకు ఇక ఎన్నాళ్లో లేవు, రాణి వేసే ఆవిడ ఎక్కడున్నారో చెప్పండి చాలు, నేనే వెళ్లి కాళ్లు పట్టుకుని తీసుకొస్తానని వేడుకుంది.

గోవిందరావు నిట్టూర్చాడు. పొద్దున హుషారుగా బయటికెళ్లిన మనిషి మధ్యాహ్నం ఫోను చేసి, గొంతు పెగలడం లేదనీ, విశాఖ బండెక్కేశాననీ చెప్పారట. ఏం జరిగిందంటే చెప్పలేదట.

"వేషం వేసేవాళ్ల ఇంటివాళ్లకని ముందు వరుసలో రెండేసి సీట్లు ఉంచుతాం. అవి అమ్మం. తనకెవరూ మిగల్లేదు, అప్పట్లో నా పద్యం విన్నవాళ్లెవరికైనా ఊరికే ఇచ్చేస్తానని పట్టుకెళ్లారమ్మా."



"ఎవరు?" అంది సౌభాగ్య.

గోవిందరావు ఆమెను వింతగా చూశాడు. "ఆ రోజుల్లో మా రైల్వే నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టేవారు కదమ్మా. ఊరినంతా ఏడిపించిన ఆ రాణి మా బంగార్రాజుగారే."