తండేలు కన్ను

కంట్లో సూది పొడిచి మూడు రోజులైనా కాలేదు, దాలయ్య కన్ను నిప్పులా ఎర్రబడి, రెప్ప తెరవలేనంతగా వాచిపోయింది. రెండో కన్ను షుగరుతో ఎప్పుడో పోయింది. ఇదీ పోతే, పడవకి పెద్దగా, తండేలుగా సముద్రం మీద తిరిగిన మనిషి గుడ్డివాడై ఇంట్లో కూర్చోవాలి. పెళ్లాం జోగమ్మకి ఒళ్లు మండిపోయింది. మొగుడి చెయ్యి పట్టుకుని, వరస గిరస చూడకుండా కాశీబుగ్గలో ఆ సూది పొడిచిన కళ్ల డాక్టరు గదిలోకి దూసుకుపోయింది.

"సూపొస్తాదని సూది పొడిసినావు. ఉన్న సూపూ పోనాది. ఏటి సేసినావు బాబూ మా మావని?"

"అరవకు. ఇది ఆసుపత్రి, చేపల బజారు కాదు."

"అరుత్తాను! మా మావొక్కడే కాదు. ఆ రోజు మా ఊరి నుంచొచ్చిన అయిదుగురి కళ్లూ ఇలాగే వాసిపోనాయి. మిగతావోళ్లు బయట బల్ల మీద కూకున్నారు, సూడు!"

డాక్టరు తలుపులోంచి తొంగిచూశాడు. నలుగురూ కంటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మూలుగుతున్నారు. ఆయన ముఖం పాలిపోయింది. కానీ వెంటనే సర్దుకున్నాడు. ఆ విద్య ఇలాంటి వాళ్లకి ఒకరు నేర్పాలా!

"నేను రాసిన చుక్కల మందు వేశారా?"

"ఏసినాం. ఇదిగో సీసా."

"మిగతా వాళ్ల సీసాలేవి?"

"అందరికీ ఇదే. ఒక రేవోళ్లం బాబూ, ఏది దొరికినా వొంతులేసుకుంటాం."

ఆ ముక్కతో డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఖాళీ సీసా లాక్కుని చూశాడు. మందు ధారగా పడేలా దాని మూతి కత్తితో వెడల్పుగా కోసేసి ఉంది.

"బుద్ధుందా మీకు? అయిదుగురి కళ్లకి ఒకే సీసానా? అదీ చేపల కత్తితో కోసి! ఒకడి కంట్లో చీము అయిదుగురికీ పట్టించింది ఇదే. మీ కళ్లు మీరే పొడుచుకుని నా మీద పడతారా? నా సూదిలో ఏ దోషమూ లేదు. ఈ మందు పడని కన్ను ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి వాచినట్టు చూపించు, బయట నా బోర్డు నేనే పీకేస్తాను!"

"డాక్టరు గారన్నది నిజమే కదా," అన్నారు వరండాలో ఎవరో.

జోగమ్మ దాలయ్యని ముందుకి నడిపించి, డాక్టరు ఎదురుగా నిలబెట్టింది.

"అయితే పీకెయ్యి బాబూ. మా కాడ ఏ వొంతులోనైనా తండేలిది ఆకర్నే. నాలుగోవోడి కాడే సీసా కాళీ అయిపోనాది, మా మావ కంట్లో ఒక్క సుక్కా పడనేదు!"